ఆరు కుర్చీల దారి

అన్నం తినడానికి కూడా పరీక్ష పెడతారని ధాత్రి కలలోనైనా అనుకోలేదు. లెక్కల పరీక్ష రాసింది, ఇంగ్లీషు పరీక్ష రాసింది, యూనివర్సిటీలో సీటు కోసం మూడు గంటలు కూర్చుని కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే అదీ రాసింది. ఇప్పుడు మూడో ఏడు చదువుతూ ఉండగా అన్నం పరీక్షట. వరసలో నిలబడాలి, వడ్డించుకోవాలి, ట్రే మోసుకెళ్ళాలి, తినాలి, ఖాళీ ట్రే తిరిగి ఇవ్వాలి. మొత్తం నలభై నిమిషాలు. ఎవరూ చెయ్యి పట్టుకోకూడదు. ఆఫీసు నుంచి ఒక మేడం కాగితాలు పట్టుకుని వెనకే నడుస్తూ చూస్తుంది. కళ్ళున్నవాళ్ళకి ఈ పరీక్ష పెడితే సగంమంది తప్పుతారు, అది వేరే సంగతి.

ధాత్రికి పుట్టుకతోనే చూపు లేదు. వెలుగు, చీకటి తెలుస్తాయి, అంతే. తండ్రి గురుప్రసాద్ ఖతర్ దేశంలోని మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీ ఇంజనీరు. పద్దెనిమిదేళ్ళు చేసిన కంపెనీ కాంట్రాక్టు పొడిగించలేదు. నెలాఖరుకి కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి అందరూ రాజమండ్రి వెళ్ళిపోవాలి. ధాత్రి చదువింకా ఏడాదిన్నర ఉంది. అది పూర్తి కావాలంటే ఒకటే దారి, అమ్మాయిల హాస్టల్లో గది దొరకడం. ఫీజు స్కాలర్‌షిప్పు చూసుకుంటుంది. కానీ హాస్టల్లో మనిషిని తోడు ఉంచుకోనివ్వరు, మూడు పూటలా క్యాంపస్ డైనింగ్ హాల్లోనే తినాలి. తనంతట తను తినగలదని ఆఫీసువాళ్ళు కాగితం మీద రాసి సంతకం పెడితేనే తాళం చేతికొస్తుంది.

ఒకసారి పెట్టారు, తప్పింది. అప్పుడు వాళ్ళమ్మ కమలాదేవి స్తంభం వెనక దాక్కుని చూస్తూ, ట్రే కాస్త వంగేసరికి "అయ్యో నా తల్లీ" అంటూ పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. ఇంకేముంది, కాగితం మీద 'కాదు' అని పడింది. ఆవిడ తప్పు కూడా కాదులెండి. రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే మెసయీద్ నుంచి కారు నడుపుకుంటూ తెచ్చి, మధ్యాహ్నం పార్కింగ్‌లో ఏసీ వేసుకుని, పెరుగన్నం ముద్దలు కలిపి కూతురి చేతిలో పెట్టిన మనిషి ఆవిడ. ఇరవయ్యేళ్ళ పిల్లకి ముద్దలు కలపడమేమిటని ఎవరైనా అంటే, "మీకేం తెలుసు" అనేది.

ఇవాళ్టిది రెండోసారి, ఇదే ఆఖరు. గదుల జాబితా ఈ సాయంత్రంతో మూసేస్తారు. పొద్దున కారెక్కుతుంటే తండ్రి అద్దం దగ్గరికి వంగి, "రాత్రికి టిక్కెట్లు తీసెయ్యాలమ్మా. రెండో మూడో ఫోన్ చేసి చెప్పు" అన్నాడు. కమలాదేవి ఆమెని గేటు దగ్గర దింపి, కూతురు ఒట్టు వేయించుకున్నందుకు క్యాంపస్‌లో అడుగు పెట్టకుండా దగ్గర్లోని మదీనత్ ఖలీఫాలో తెలిసినవాళ్ళింటికి పోయి కూర్చుంది.

ధాత్రి ఊరికే చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. మొదటిసారి తప్పాక ఆరు వారాలు కసిగా నేర్చుకుంది. కారులో తినడం మానేసింది. తల్లి ఎంత మొత్తుకున్నా వినలేదు. డైనింగ్ హాలు మొత్తాన్ని కాళ్ళతో, చెవులతో, తెల్ల కర్రతో బట్టీ పట్టింది. తలుపు నుంచి ట్రేల దొంతర దాకా పన్నెండు అడుగులు. అక్కడి నుంచి కౌంటర్ పొడుగునా ట్రే జరుపుకోవడానికి స్టీలు కమ్మీ ఉంటుంది, దాన్ని పట్టుకుని పోవడమే. కమ్మీ అయిపోయాక కుడికి తిరగాలి. అక్కడి నుంచి కుర్చీల వరస. కర్ర కొస ఒక్కొక్క కుర్చీ కాలికి తగులుతుంది. టక్, టక్, టక్. అలా ఆరు లెక్కపెట్టాక ఏడోది మొద్దుగా మోగుతుంది, అది స్తంభం. స్తంభానికి ఎడమ పక్కన ఇద్దరు పట్టే చిన్న బల్ల. అదే ఆమె చోటు. కళ్ళు మూసుకుని పోగలదు అనాలనిపిస్తుంది గానీ, ఆ మాటంటే ధాత్రే నవ్వుతుంది.

కౌంటర్ వెనక మూడో గిన్నె దగ్గర ఖయ్యూమ్ ఉంటాడు. జగిత్యాల మనిషి. ఇరవై రెండేళ్ళుగా గల్ఫ్‌లో వండి వడ్డించడమే ఆయన పని. ముఐథర్‌లో ఇంకో ఐదుగురితో కలిసి గదిలో ఉంటాడు. ఊళ్ళో వాళ్ళకి ఆయన ఇప్పటికీ దుబాయ్‌లోనే ఉన్నాడు, చెప్పీ చెప్పీ వదిలేశాడు. మొదటివారం ధాత్రి ఫోన్లో తల్లితో పోట్లాడుతుంటే తెలుగు విని, "ఏ ఊరు బిడ్డా మీది" అని పలకరించాడు. ఆమెకి మాంసం పడదని తెలిశాక ఒక పద్ధతి పెట్టాడు. ఆమె ట్రే దగ్గరికి రాగానే గరిటెతో గిన్నె అంచు మీద కొడతాడు. ఒక దెబ్బ కొడితే మాంసం, రెండు కొడితే పప్పో కూరగాయలో. మూడు కొట్టాడంటే చేప. పక్కనున్న ఫిలిప్పీనో పిల్లకి కూడా అది నేర్పించాడు.

నిన్న మధ్యాహ్నం ధాత్రి ఆయనకి చెప్పింది. "రేపు నాకు ఇక్కడే పరీక్ష భాయ్. మీరు నన్ను పలకరించొద్దు. తెలియనట్టు ఉండండి. పప్పు వెయ్యండి చాలు."

"నువ్వు రంది పడకు బిడ్డా. అంత నేను చూసుకుంట" అన్నాడు ఖయ్యూమ్.

అక్కడే ఆమెకి అనుమానం రావాల్సింది. మనవాళ్ళు 'నేను చూసుకుంటా' అన్నారంటే ఏదో ఒకటి చెయ్యకుండా ఊరుకోరు. కానీ ఆమె మనసంతా అడుగుల లెక్క మీద ఉంది, పట్టించుకోలేదు.

పన్నెండుంపావుకి నూఫ్ మేడం వచ్చింది. హీల్స్ చప్పుడు, ఊద్ అత్తరు వాసన, పెన్ను మీట నొక్కిన క్లిక్. ఆవిడ ఖతరీ, మాట మెత్తగానే ఉంటుంది, ఇంగ్లీషు తూచి తూచి మాట్లాడుతుంది. "ధాత్రీ, నేను వెనక ఉంటాను. నేను నీకు సాయం చెయ్యను. ఇంకెవరు చేసినా రాసుకోవాల్సి ఉంటుంది. ఆపెయ్యాలనుకుంటే నన్ను పిలువు. పిలిస్తే అక్కడితో అయిపోయినట్టే. అర్థమైందా?"

"అర్థమైంది మేడం" అంది ధాత్రి.

పన్నెండు అడుగులు సరిగ్గా పడ్డాయి. ట్రే తీసుకుంది. వరసలో ముందున్న అబ్బాయి కర్ర చూసి "మీరు ముందు వెళ్ళండి" అని జరిగాడు. మామూలు రోజైతే థాంక్స్ చెప్పి ముందుకు పోయేదే. ఇవాళ అదీ భయమే. "వద్దు, మీ వెనకే వస్తాను" అంది. వెనక పెన్ను గీసిన చప్పుడు వినిపించింది. మంచిదో చెడ్డదో, ఏం రాసిందో ఆ తల్లికే తెలియాలి.

మొదటి గిన్నె, రెండో గిన్నె, మూడోది. గరిటె రెండు దెబ్బలు కొట్టింది.

"దాల్, మేడం?" అన్నాడు ఖయ్యూమ్. ఎన్నడూ లేనిది మేడం అంటున్నాడు. ధాత్రికి నవ్వొచ్చింది, పళ్ళబిగువున ఆపుకుంది. అన్నం మీద పప్పు పడింది. ఇంకో గరిటె పడింది. కొత్తల్లుడికి వడ్డించినట్టు మూడోదీ పడబోతుంటే "చాలు" అంది. పెరుగు కప్పు, నీళ్ళ సీసా తనే తడిమి తీసుకుంది. ఇంతవరకూ బంగారంలా జరిగింది. కమ్మీ చివరికొచ్చి, ట్రేని ఎడం చేత్తో పొట్టకి ఆనించుకుని, కుడిచేత్తో కర్ర పట్టుకుని కుడికి తిరిగింది.

కర్ర ముందుకు వేసింది. ఏమీ తగల్లేదు.

ఒక అడుగు వేసి మళ్ళీ ఊపింది. నున్నటి నేల మీద కర్ర జారింది తప్ప టక్ అనలేదు. తొందరపడ్డానేమో అనుకుని ఇంకో రెండు అడుగులు వేసింది. కుర్చీ లేదు. ఇటు లేదు, అటూ లేదు. మెట్టుందనుకుని కాలేస్తే మెట్టు లేనప్పుడు ఒళ్ళు ఎలా ఝల్లుమంటుందో అలా అయింది ఆమెకి. తిరగడంలో తప్పానా? కుడికి కాక ఇంకాస్త ఎక్కువ తిరిగానా? ఆరు వారాల్లో ఒక్కరోజు కూడా తప్పనిది ఇవాళే ఎలా తప్పింది? ఇంకో నాలుగడుగులు వేసింది. అదే ఆమె చేసిన పొరపాటు. ఇప్పుడు స్తంభం ఎటుందో, కౌంటర్ ఎటుందో కూడా తెలియడం లేదు. చుట్టూ మూడువందలమంది మాటలు, చెంచాల చప్పుడు, అన్నీ కలిసి ఒకే హోరు. ట్రే బరువుకి ఎడం చెయ్యి లాగుతోంది.

"కమ్, కమ్" అని పక్కనుంచి ఒక అమ్మాయి గొంతు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఉంటే ధాత్రి విదిలించుకునేదే. చెయ్యి పట్టుకోలేదు, కర్ర కొస పట్టుకుని ముందుకు లాగింది. మంచి మనసే, కాదనను. కానీ గుడ్డివాళ్ళ కర్ర పట్టుకుని లాగడమంటే కళ్ళున్నవాళ్ళ మొహానికి గంతలు కట్టి లాగడమే. ధాత్రి తూలింది. ట్రే వంగింది. వేడి పప్పు మణికట్టు మీదికి ఒలికింది.

"నా కర్ర వదలండి" అంది. అరవలేదు గానీ అరిచినంత పనయింది. ఆ పిల్ల బెదిరిపోయి వదిలేసింది, సారీ సారీ అంటూ పోయింది. ట్రే నిలబడింది. పెరుగు కప్పు పక్కకి పడి, మూత ఉండబట్టి బతికింది. మణికట్టు చురచురమంటోంది, తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు.

అప్పుడు కౌంటర్ వైపు నుంచి ఖయ్యూమ్ గొంతు వినిపించింది. "బిడ్డా, ఆడనే ఆగు. ఎడమకు తిరుగు, ఎడమకు..."

"ఎవరూ మాట్లాడొద్దు, ప్లీజ్" అంది నూఫ్ మేడం వెంటనే. హీల్స్ చప్పుడు నాలుగడుగులు దగ్గరికొచ్చి ఆగింది. "ధాత్రీ, ఆపేద్దామా?"

ఆ మాట ఎంత మెత్తగా అడిగిందంటే, ఒక్క క్షణం ధాత్రికి అవుననాలనిపించింది. అవునంటే ట్రే ఎవరో అందుకుంటారు. కుర్చీలో కూర్చోబెడతారు. అమ్మ పదినిమిషాల్లో వచ్చేస్తుంది. మూడు టిక్కెట్లు. రాజమండ్రిలో మేనత్త ఇంటి పక్కన వాటా, డిగ్రీ మధ్యలో వదిలేసిన గుడ్డిపిల్ల. అయ్యో పాపం అంటూ చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఆమెకి కోపమొచ్చింది.

"వద్దు మేడం" అంది.

ఖయ్యూమ్ ఉండబట్టలేకపోయాడు. కౌంటర్ దాటి రాలేదు, నిలబడ్డ చోటి నుంచే తెలుగులో, ఏడుపు గొంతుతో చెప్పాడు. "కుర్చీలు నేనే తీపిచ్చిన బిడ్డా. రోజు నీ కట్టె టకటక కుర్చీలకు తాకుతుంటె నా పానం ఉసూరుమంటుండె. ఇయ్యాల పరీక్ష గద, తొవ్వ ఖుల్లగ ఉంటె మంచిగ నడుస్తవనుకున్న. పొద్దుగాల డ్యూటీకి ముందే అచ్చి, మావోళ్ళం నలుగురం గలిసి ఆ లైనంత గోడకు పెట్టినం."

అదీ సంగతి. ఆరు వారాలుగా కర్ర కుర్చీకి తగిలినప్పుడల్లా ఆ పెద్దమనిషి అయ్యో గుద్దుకుంది, అయ్యో మళ్ళీ గుద్దుకుంది అనుకుని లోలోపల కుమిలిపోతున్నాడు. ఆ చప్పుడే ఆమెకి దారి చెబుతోందని ఆయనకి తట్టనే లేదు. ఆమె కూడా ఎన్నడూ చెప్పలేదు. అడిగితేగా చెప్పడానికి.

"ఎవరు తియ్యమన్నారండీ మిమ్మల్ని?" అంది ధాత్రి. "ఆ కుర్చీలు పట్టుకునే కదా నేను నడిచేది. నన్నొక్క మాట అడగొచ్చుగా?"

తండ్రి వయసు మనిషిని, అందరి ముందూ అలా అన్నందుకు ఆమెకి మనసు చివుక్కుమంది. కానీ సర్దిచెప్పడానికి తీరికెక్కడ?

"అతనేమంటున్నాడు?" అని అడిగింది నూఫ్ మేడం.

ఇక్కడ ధాత్రి బుర్ర పాదరసంలా పరిగెత్తింది. ఉన్నదున్నట్టు చెబితే ఆవిడ న్యాయమైన మనిషే, ఈ పరీక్ష చెల్లదంటుంది, వచ్చేవారం మళ్ళీ పెడతానంటుంది. వచ్చేవారానికి జాబితాలో గదులుండవు. ఖయ్యూమ్ మీద ఆయన కంపెనీకి ఒక ఫిర్యాదు కాగితం కూడా పోతుంది.

"కుర్చీలు జరిగాయట మేడం. ఫరవాలేదు. ఇంకా ఎంత టైముంది?"

"పదహారు నిమిషాలు."

ధాత్రి కదలకుండా నిలబడింది. కుర్చీలు వెతకడం మానేసింది. చెవులకి పని చెప్పింది. హోరులోంచి ఒక్కొక్క చప్పుడునీ విడదీసింది. కుడివైపు దూరంగా ఖాళీ ట్రేలు లోపలికి లాక్కుపోయే బెల్టు గరగర. ఎదురుగా ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. వీపు వెనక, కాస్త ఎడమకి, అన్నం గిన్నె మూత తీసినప్పుడు వచ్చే బుస్సుమనే ఆవిరి. ఆ వెంటనే జ్యూస్ మెషీన్ గురగుర. కౌంటర్ అటే ఉంది. ఆమె నెమ్మదిగా వెనక్కి తిరిగింది. కర్ర ముందుకు, అడుగు, కర్ర, అడుగు. ఒక బూటుకి తగిలింది, బూటు తప్పుకుంది. తొమ్మిదో అడుగున కర్ర ఖంగుమంది. స్టీలు.

చెయ్యి చాపితే కమ్మీ చల్లగా తగిలింది. ట్రేని దానిమీద పెట్టింది. ఎడం చెయ్యి తిమ్మిరెక్కిపోయింది. ఇక్కడి నుంచి మళ్ళీ బయల్దేరి ఎక్కడో ఉన్న బల్లని వెతుక్కోవాలి. దొరికేసరికి పదహారు నిమిషాలూ అయిపోతాయి. ధాత్రి కర్రని మోచేతికి తగిలించుకుంది. పర్సులోంచి తడి కాగితం తీసి మణికట్టు, వేళ్ళు శుభ్రంగా తుడుచుకుంది. అక్కడే, అందరూ వడ్డించుకునే చోటే, నిలబడే పప్పన్నం కలపడం మొదలుపెట్టింది.

వరస ఆగిపోయింది. "ఎక్స్‌క్యూజ్ మీ" అన్నాడెవరో వెనక నుంచి. "పక్కనుంచి వెళ్ళండి, నేను భోంచేస్తున్నాను" అంది ధాత్రి ఇంగ్లీషులో, నోట్లో ముద్ద పెట్టుకుంటూ. గొణుక్కున్నారు. ట్రేలు ఎత్తి ఆమె తల పక్కనుంచి అవతలికి అందించుకున్నారు. ఎవరో ఫోన్ తీసినట్టున్నారు, కెమెరా చప్పుడైంది. తీసుకోనీ అనుకుంది. ఖయ్యూమ్ ఆమె ట్రేకి అటుపక్కా ఇటుపక్కా నిలబడ్డవాళ్ళకి చెయ్యి చాచి వడ్డించడం మొదలుపెట్టాడు.

రుచి తెలియలేదు. ఉప్పుందో లేదో కూడా తెలియలేదు. ఒక్కో ముద్దా గొంతుకి అడ్డం పడుతుంటే నీళ్ళతో దింపుకుంది. మూడు గరిటెలు వేసుంటే ఏమయ్యేదో. పెరుగు కప్పు చెంచాతో ఖాళీ చేసింది. చేతులు తుడుచుకుని, ట్రే ఎత్తి, కమ్మీ చివరి దాకా వెళ్ళి, బెల్టు గరగర చెవికి ఎదురుగా పెట్టుకుని గోడవారగా నడిచింది. ట్రే బెల్టు మీద పెట్టగానే అది చేతుల్లోంచి జారుకుంటూ లోపలికి పోయింది.

"నాలుగు నిమిషాలు మిగిలాయి" అంది నూఫ్ మేడం. కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"ఎందుకు కూర్చోలేదు?" అనడిగింది ఆవిడ చివరికి.

"ఆ టైముకి నాకు తెలిసిన చోటు అదొక్కటే మేడం. అన్నం చల్లారిపోతోంది. ఒంటిగంటకి క్లాసుంది."

మళ్ళీ కాగితాలు. "నా కాగితంలో నిలబడి తినడానికి గడి లేదు" అంది ఆవిడ. "చేత్తో రాయాలి. దారి తప్పింది, తనే వెనక్కి వచ్చింది, తిన్నది. అలా రాస్తున్నాను." పెన్ను కాసేపు కదిలింది. "నువ్వు నన్ను పిలుస్తావని నాలుగుసార్లు అనుకున్నాను. ఆదివారం ఆఫీసు తెరుస్తారు, వచ్చి తాళం తీసుకో."

హీల్స్ చప్పుడు తలుపు దాటి పోయేదాకా ధాత్రి అక్కడే గోడకి ఆనుకుని ఉండిపోయింది. ఆ తర్వాత రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో వచ్చారు. వేయించిన ఉల్లిపాయల వాసన వేసింది.

"మాఫ్ చెయ్ బిడ్డా" అన్నాడు ఖయ్యూమ్. "మంచి చెయ్యబోతె ఉల్ట అయింది. పొద్దుమీకి యాడియి ఆడ పెట్టిస్త."

"నేనే ఎక్కువ మాట్లాడాను భాయ్, ఏమీ అనుకోకండి." "కుర్చీలు గోడకే ఉండనివ్వండి. ఇక మూడు పూటలా ఇక్కడే కదా. ఎవరో ఒకరు జరుపుతూనే ఉంటారు. నేను నేర్చుకోవాలి."

"నీ ఇష్టం బిడ్డా" అన్నాడు ఖయ్యూమ్. లోపలి నుంచి సూపర్‌వైజర్ "యల్లా ఖయ్యూమ్" అని కేకేస్తే వెళ్ళిపోయాడు.

ధాత్రి ఫోన్ తీసింది. మొదటి రింగుకే తండ్రి ఎత్తాడు.

"నాన్నా, రెండు" అంది.

ఆయన వినలేదేమో అనుకుంది. "రెండు టిక్కెట్లు చాలు నాన్నా. గది ఇచ్చారు."

"మంచిదమ్మా" అన్నాడు గురుప్రసాద్. "చాలా మంచిది." ఆ వెంటనే, "అమ్మ ఇంకో లైన్లో ఉంది, తనకి చెప్పి కలుపుతున్నా, ఉండు" అన్నాడు. ఆరు వారాలుగా ఆ గది కోసం పోట్లాడిందే గానీ, రెండంటే తనొక్కతే ఇక్కడ, వాళ్ళిద్దరూ అక్కడ అని ధాత్రికి ఆ క్షణం దాకా మనసుకెక్కలేదు. ఇప్పుడెక్కింది. కళ్ళలో నీళ్ళు వాటంతటవే కారాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

"విన్నానే తల్లీ, నాన్న చెప్పారు" అంది కమలాదేవి. ఆవిడ ఏడుపు ఎంత గట్టిగా బిగబట్టిందో ఫోన్లోనే తెలుస్తోంది. "ఇక నువ్వే చూసుకోగలవుగా. మరి నేను నాలుగింటికే రానా? ఈలోపు రావద్దులే, నీకు నామోషీ."

ఒంటిగంట క్లాసుకి ఇంకా అయిదు నిమిషాలుంది. ధాత్రి గోడవైపు తిరిగి, ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది.

"ఇప్పుడే రా అమ్మా" అంది. "కారు గేటు దాకా తీసుకొచ్చెయ్యి. నేను క్లాసుకి వెళ్ళను ఇవాళ."